ఐసు పెట్టెలో నీళ్ల సీసా: ఒక యువ రచయితకు లేఖ

తమ్ముడూ,

ఒక్కడివే మారథాన్ పరుగుకి తయారవడం గురించి నువ్వు పంపిన వ్యాసం మొదటిసారి చదివి పక్కన పడేశాను. మళ్లీ తీయించింది ఏడో పేజీలో ఒక్క సంగతి. ముందురోజు సాయంత్రమే వెళ్లి సరుగుడు తోటలో దాచుకున్న నీళ్ల సీసాను ఎవరో పట్టుకుపోయారని, ఆ తర్వాత మీ కాకినాడ దగ్గరి ఉప్పాడ రోడ్డు పక్కన చేపలమ్మే ఆవిడ ప్రతి ఆదివారం నీ సీసాను తన ఐసు పెట్టెలో ఉంచేదని, నీళ్లు పళ్లు జివ్వుమనేంత చల్లగా ఉన్నా మూత మాత్రం చేపల వాసన కొట్టేదని రాశావు. అది బాగుంది. దాని వెనకే "ఒంటరితనం నన్ను నాకు పరిచయం చేసింది" అన్నావు చూడు, అక్కడ నాకు ఒళ్లు మండింది. ఒకావిడ తన బేరం చూసుకుంటూనే నీ సీసాకి కాపలా కాస్తుంటే ఒంటరితనం ఎక్కడిదయ్యా నీకు?

పెన్సిలు తీసుకుని లెక్కపెట్టాను. ఒంటరి, ఏకాంతం, నేనొక్కడినే, ఈ కుటుంబమంతా కలిపి 14 చోట్ల తగిలింది. ఆవిడ ఒక్క చోటే. ఏం చేపలు అమ్ముతుందో, నిన్ను ఏమని పిలిచేదో, తెల్లారకుండా ఈ కుర్రాడు ఎందుకిలా చెమటలు కక్కుతున్నాడని ఎప్పుడైనా అడిగిందో లేదో ఒక్క ముక్క లేదు. అందరికీ చెప్పి విసిగించే మాటే నీకూ చెబుతున్నాను: పరుగు గురించి రాసేటప్పుడు మనసు సంగతి తగ్గించి రోడ్డు సంగతి పెంచు. మనసు గురించి రాసేవాళ్లు మనకి ఇప్పటికే ఎక్కువయ్యారు, ఉప్పాడ రోడ్డు గురించి రాసినవాళ్లు ఎంతమంది చెప్పు. తుఫాను వచ్చినప్పుడల్లా సముద్రం కోసుకుపోయే రోడ్డు అది. ఆ ఎగుడుదిగుడు మీద నీ చీలమండ ఎన్నిసార్లు మడతపడిందో నీకు గుర్తుండే ఉంటుంది, కానీ వ్యాసంలో ఆ రోడ్డు కేలండర్ బొమ్మలా ఉంది.

ఒక్కడివే మారథాన్‌కి తయారయ్యావు, కోచ్ లేడు, గ్రూపు లేదు, ఒప్పుకుంటాను. అయితే ఆ ఒక్కడివే అన్నది ఎక్కడెక్కడ తగులుతుందో అది రాయాలి. నీళ్లు ఎవరు మోస్తారు, ఇంటి తాళంచెవి ఎక్కడ కట్టుకుంటావు, ఇంటికి పదిహేను కిలోమీటర్ల అవతల పిక్క పట్టేస్తే వెనక్కి ఎలా వస్తావు, ఆటోకి డబ్బులు జేబులో ఉన్నాయా, ఉంటే చెమటకి తడిసిన నోటు డ్రైవరు తీసుకున్నాడా, కుక్కలు వెంటపడితే ఆగుతావా పరిగెడతావా (ఆగాలి, ఆగి నడవాలి). పోటీకి ఆరు రోజుల ముందు కసిగా 30 కిలోమీటర్లు కొట్టానని గొప్పగా రాశావు. పక్కన తెలిసినవాడు ఒక్కడున్నా ఆ రోజు నీ బూట్లు దాచేసేవాడు. ఆఖరి రెండు మూడు వారాలు దూరం తగ్గించుకుంటూ వచ్చి కాళ్లను తేరుకోనివ్వాలి. నువ్వు అలిసిపోయిన కాళ్లతో హైదరాబాద్ మారథాన్‌కి వెళ్లావు. చెప్పేవాడు లేకపోవడమంటే ఇదీ. దీన్ని పట్టుదల ఖాతాలో వేసుకున్నావు.

వేగం సంగతీ అంతే. లాంగ్ రన్, అంటే సాధనలో ఎక్కువ దూరం పరిగెత్తే రోజు పరుగు, ఎప్పుడూ మాట్లాడుకుంటూ పరిగెత్తగలిగే వేగంలో ఉండాలంటారు. ఒక్కడే ఉన్నవాడు ఎవరితో మాట్లాడతాడు? నేనయితే చిన్నప్పుడు బట్టీ పట్టిన పద్యాలు పైకి చదివేవాణ్ణి. ఉత్పలమాల పాదం మొత్తం ఒక్క ఊపిరిలో వచ్చిందంటే వేగం సరిగ్గా ఉన్నట్టు, పదో అక్షరం దగ్గర, అంటే సరిగ్గా యతి దగ్గర, రొప్పు వచ్చిందంటే తగ్గించాలి. కాలవ గట్టు మీద గేదెలు తోలుకెళ్లేవాళ్లు నాకు మతి చెడిందనే అనుకున్నారు. ఛందస్సు నేర్పిన మాస్టారికి మాత్రం ఈ సంగతి చెప్పలేదు.

మా రోజుల్లో చేతికి వాచీ ఉంటే గొప్ప. దూరం తెలియాలంటే హైస్కూలు గ్రౌండులో రౌండ్లు కొట్టడమే. లెక్క తప్పకుండా గుప్పెట్లో 25 చింతపిక్కలు పట్టుకుని, రౌండుకొకటి గోల్‌పోస్టు మొదట్లో పడేసేవాణ్ణి. 400 మీటర్ల రౌండు, పిక్కలు అయిపోతే పది కిలోమీటర్లు. చివరికొచ్చేసరికి చెమటకి పిక్కలు నానిపోయి అరచెయ్యంతా గోధుమరంగు అంటుకునేది. ఇది మొదటిసారి కథలో రాసి ఒక వారపత్రికకి పంపితే ఆ ఎడిటరుగారు చింతపిక్కల పేరా మొత్తం కొట్టేసి, అనవసర వివరం అని మార్జిన్లో రాసి, పెళ్లి భోజనం అయ్యాక కిళ్లీ చేతిలో పెట్టినట్టు ఆఖర్న "గెలుపు మన మనసులోనే ఉంది" అని తన సొంత వాక్యం ఒకటి తగిలించారు. పైగా వంద మీటర్ల పరుగుపందెం బొమ్మ వేయించారు. ఆయన ఇప్పుడు లేరు, అయినా నా కోపం తగ్గలేదు. ఇప్పుడు ఆ వాక్యాలే రీళ్లయి, పొద్దున్నే గుడ్ మార్నింగ్ మెసేజీలయి తిరుగుతున్నాయి. అవి చదివి చదివి నీలాంటి మంచి కన్ను ఉన్నవాడు కూడా "జీవితమే ఒక మారథాన్" అని ముగించాడు.

మారథాన్‌కి ఆ 42.195 కిలోమీటర్ల లెక్క ఎక్కడిదో తెలుసా? 1908 లండన్ ఒలింపిక్స్‌లో పరుగు విండ్సర్ కోటలో మొదలై స్టేడియంలో రాజకుటుంబం కూర్చునే చోటి ముందు ముగిసేలా దారి గీశారు. అది అంత దూరం వచ్చింది. 1921లో దాన్నే ఖాయం చేశారు. నీ జీవితానికి, మా జీవితాలకి విండ్సర్ కోటతో ఏం పని?

ఇథియోపియా మారథాన్ వీరుడు అబెబె బికిలా పాదాల గురించి రెండు పేజీలు రాశావు. 1960లో రోమ్‌లో ఉత్త కాళ్లతో గెలిచాడు, అందరూ రాసేదే. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో, అపెండిసైటిస్ ఆపరేషనయి రెండు నెలలు కూడా కాకుండానే, చక్కగా బూట్లు వేసుకుని ఇంకా తక్కువ టైములో మళ్లీ గెలిచాడు. దాన్ని ఎవరూ ఎత్తరు, బూట్లున్నాయి కదా, కవిత్వం రాదు. ఉత్త కాళ్లే కావాలంటే మన శివనాథ్ సింగ్ లేడా? 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో 11వ స్థానం. 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలు, ఆ జాతీయ రికార్డును దశాబ్దాలపాటు ఎవరూ ముట్టుకోలేకపోయారు. నీ వ్యాసంలో ఆయన పేరు లేదు.

ఇంక ఆ గోడ. 32వ కిలోమీటరు దగ్గర గోడ అడ్డొచ్చిందని, మనోబలంతో బద్దలుకొట్టానని రాశావు. ఒంట్లో దాచిన పిండిపదార్థం అడుగంటిందన్నమాట అది, మామూలుగా 30 దాటాక చాలామందికి జరిగేదే. ముందురోజు రాత్రి ఏం తిన్నావు? దారిలో ఏం తిన్నావు? అరటిపండా, బెల్లం ముక్కా, ఆ జెల్ పొట్లాలా? ఏం తిన్నావో రాస్తే నేను నమ్ముతాను. మనోబలం అంటే నమ్మను. ఇంకొకటి, కాకినాడ అరచేతిలా చదునైన ఊరు. హైదరాబాద్‌లో నెక్లెస్ రోడ్డు దాటాక ఫ్లైఓవర్లూ జూబ్లీహిల్స్ ఎత్తులూ మొదలవుతాయి, ఆగస్టు ఉక్కపోత ఒకటి. చదునులో పెరిగిన పిక్కలు మొదటి ఎత్తు ఎక్కినప్పుడు ఏమన్నాయో చదవాలని ఎదురుచూశాను. నువ్వు పతకం దగ్గరికి దూకేశావు.

కలం పేరు పెట్టుకోవాలా, ఏ పత్రికకి పంపాలి, పుస్తకం వేస్తే ఎంతవుతుంది అని చాలా అడిగావు. ఇప్పుడు కాదు.

మళ్లీ రాయి. మొదటి రెండు పేజీలూ, చివరి పేజీ అక్కర్లేదు. చేపలావిడతో మొదలుపెట్టు అని నేను అనను, నీ ఇష్టం, కానీ మళ్లీ ఒకసారి అటు వెళ్లి ఆవిడతో కూర్చుని మాట్లాడు, పరిగెత్తకుండా బస్సులో వెళ్లు. ఆవిడ నీ గురించి చెప్పింది చెప్పినట్టు రాసుకో, తిట్టినా సరే. రాసింది ఫోన్‌తో ఫొటోలు తీసి పంపకు, టైప్ చేసి మెయిల్ పెట్టు, అక్షరం కాస్త పెద్దది.

మోకాలి బయటి వైపు నొప్పి అని, మాత్ర వేసుకుని పరిగెత్తానని ఒక మాట అనేసి వెళ్లిపోయావు. ఒంట్లో నీళ్లు తగ్గిపోతున్నప్పుడు ఆ నొప్పి మాత్రలు మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. అలా ఇంకెప్పుడూ చెయ్యకు. వ్యాసం ఆలస్యమైనా పర్లేదు, ఈ వారంలో ఫిజియోథెరపిస్టుకి చూపించు, ఆయనేమన్నాడో నాకు ఫోన్ చెయ్యి. మధ్యాహ్నం పూట వద్దు, పడుకుంటాను.

ఉంటాను.