మీ కింద ఇంట్లో ఎవరుంటారు?

ప్రశ్న: అక్కా, మేం నవంబరులో మిన్నెసోటా వచ్చినం. సెయింట్ పాల్ దగ్గర వుడ్‌బరీలో అపార్ట్‌మెంట్, పై అంతస్తు. మాది కరీంనగర్. ఇద్దరూ బాబులే. పెద్దోడికి జూలైలో ఐదు నిండుతయి, చిన్నోడికి మూడు. చలి ఎప్పుడు పోతది? పెద్దోడిని ఇప్పుడే కిండర్‌గార్టెన్‌లో వెయ్యాల్నా? బేస్‌బాల్‌లో చేర్పిస్తే ఖర్చు ఎక్కువైతదా? సమ్మర్ క్యాంపులకు ఇప్పటినుంచే డబ్బులు కట్టాలంటున్నరు, నిజమేనా? మా ఆయన పొద్దున పోతే రాత్రికే వస్తడు. పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తున్నరు.

జవాబు: చెల్లీ, నీ ఉత్తరంలో ప్రశ్నలు నాలుగున్నాయి. నేను మాత్రం ప్రశ్న గుర్తు పెట్టకుండా నువ్వు రాసిన ఆఖరి రెండు ముక్కల దగ్గరే ఆగిపోయాను. వాటి సంగతి తర్వాత చెబుతాను, ముందు తేలిగ్గా తెమిలిపోయేవి చూద్దాం.

సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్ళు నిండితే కిండర్‌గార్టెన్‌కి వెళ్ళొచ్చు. మీ వాడికి నిండుతున్నాయి. దానికి ముందు ఎర్లీ చైల్డ్‌హుడ్ స్క్రీనింగ్ అని చేస్తారు. చూపు, వినికిడి, మాట చూస్తారు, డబ్బు తీసుకోరు. టీకాల కాగితాలు దగ్గర పెట్టుకో. మిగతా రూల్సన్నీ మీ స్కూల్ డిస్ట్రిక్ట్ సైట్లో ఉంటాయి, ఓపిగ్గా చదువుకో. క్యాంపులు తొందరగా నిండిపోయే మాట నిజమే. అవి ముఖ్యంగా తల్లీ తండ్రీ ఇద్దరూ ఉద్యోగాలు చేసేవాళ్ళకి. నువ్వు ఇంట్లోనే ఉన్నావు కాబట్టి ఈ ఏడు వాటి జోలికి పోకు.

ఇక చలి. మేం దిగింది 2013 జనవరి నెలాఖరులో, మిన్నియాపొలిస్ పక్కన ప్లిమత్‌లో. పెద్దాడికి నాలుగు, చిన్నాడికి ఇంకా రెండు నిండలేదు. ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 11న వచ్చింది. మా అమ్మ కిందటేడు ఎండబెట్టిన వేపపువ్వు కాగితంలో పొట్లం కట్టి పెట్టెలో పెట్టింది. మామిడికాయ దొరక్క పుల్లటి పచ్చ యాపిల్ తరిగి పచ్చడి కలిపాను. గిన్నె పట్టుకుని కిటికీ దగ్గరికి వచ్చేసరికి బయట మంచు పడుతోంది. పెద్దాడు పచ్చడి నాకి, మొహం వికారంగా పెట్టి, "అమ్మా, ఉగాదంటే మళ్ళీ చలికాలం మొదలా?" అన్నాడు. నేను ఏడ్చాను. పచ్చడి చేదుకి ఏడుస్తున్నాననుకున్నాడు వాడు.

కాబట్టి మార్చిలో ఒక ఎండపొద్దు చూసి మోసపోకు. స్నోబూట్లు, చేతి తొడుగులు ఏప్రిల్ అంతా గుమ్మం దగ్గరే ఉంచు. మంచు కరిగాక వచ్చేది పూల కాలం అనుకుంటున్నావేమో, ముందు బురద కాలం వస్తుంది. మగపిల్లలకి గుంటల్లో దూకడానికి రబ్బరు బూట్లు కొను. పాతవి అమ్మే షాపుల్లో తీసుకో, కొత్తవాటికి డబ్బు పొయ్యకు, నాలుగు నెలల్లో కాలు పట్టదు.

ఇప్పుడు అసలు సంగతికొస్తాను.

అప్పట్లో హెచ్4 మీద, అంటే ఇక్కడ ఉద్యోగానికి వచ్చినవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా మీద, వచ్చినవాళ్ళకి ఉద్యోగం చేసే వీలు లేదు. (2015 నుంచి కొందరికి ఇస్తున్నారు, నీకు వర్తిస్తుందో లేదో మీ లాయర్ని అడుగు.) కారు నడపడం రాదు. ఆయన ఏడున్నరకి వెళ్ళిపోయేవాడు. ఎనిమిదిన్నరకి నేను స్కైప్ తెరిచేదాన్ని. మన ఎనిమిదిన్నరంటే తెనాలిలో రాత్రి ఎనిమిది, చలికాలంలో తేడా పదకొండున్నర గంటలు. అమ్మ వంటిల్లు సర్దుకుని వచ్చి కూర్చునేది. ఏమన్నా చెప్పుకున్నామా అంటే అదీ లేదు. అక్కడ ఫ్యాను తిరిగే చప్పుడు వింటూ ఇక్కడ కూరగాయలు తరుక్కునేదాన్ని. పదిన్నర దాకా అంతే.

మార్చి రెండో ఆదివారం గడియారాలు ఒక గంట ముందుకి జరుపుతారు. ఫోను దానంతటదే మారిపోయింది. అమ్మ పెట్టెలో పెట్టి ఇచ్చిన గోడ గడియారం మాత్రం పాత టైమే చూపించింది. దాన్ని నేను నవంబరు దాకా మార్చలేదు. దాన్లో ఎనిమిదిన్నరైతే అక్కడ రాత్రి ఎనిమిదే, ముప్పై నిమిషాలు తగ్గిస్తే చాలు. పిల్లలు దానికి 'అమ్మమ్మ టైము' అని పేరు పెట్టారు. ముచ్చటగానే ఉంది కదా? అదే నా పెద్ద తప్పు. ఇల్లంతా అమ్మమ్మ టైములో నడుస్తుంటే కిటికీ అవతల ఏ టైమో నాకు పట్టలేదు.

నేను స్కైప్‌లో ఉన్న రెండు గంటలూ పిల్లలిద్దరూ మంచం మీంచి నేల మీదికి, నేల మీంచి మంచం మీదికి. ఇక్కడి ఇళ్ళు చెక్కవి, మన స్లాబుల్లాగా కాదు. పైన గరిటె పడితే కింద ఇంట్లో వినపడుతుంది. కింద ఎవరో కర్రతో పైకప్పు మీద ఠకఠకా కొట్టేవాళ్ళు. ఓసారి ఆఫీసువాళ్ళు తలుపుకి చీటీ అంటించి వెళ్ళారు, శబ్దం గురించి ఫిర్యాదు వచ్చిందని. నేనేం చేశాను? ఇంట్లో ఉన్న రెండు బొంతలూ నేల మీద పరిచాను. పిల్లల్ని సోఫాకి అంటించి కార్టూన్లు పెట్టాను. కింద మనిషిని మనసులో తిట్టుకున్నాను. పసిపిల్లలని కూడా చూడని రాక్షసి అని అమ్మకి చెబితే, అమ్మ అక్కడినుంచే మెటికలు విరిచింది. కిందకి వెళ్ళి తలుపు మాత్రం కొట్టలేదు.

ఆ తలుపు కొట్టింది సైరన్ వల్ల. వేడి మొదలై కిటికీలు తెరుచుకున్న రోజులు. ఒక మధ్యాహ్నం ఒంటిగంటకి, చిన్నాడికి పెరుగన్నం పెడుతుంటే, ఊరంతా ఒకటే కూత మొదలైంది. యుద్ధం సినిమాల్లో వస్తుంది చూడు, అదే. టోర్నడో అంటే కింది అంతస్తుకి పరిగెత్తాలని ఎక్కడో విన్నాను. ఎంగిలి చేత్తోనే చిన్నాణ్ణి చంకనేసుకుని, పెద్దాణ్ణి రెక్క పట్టుకుని, చెప్పుల్లేకుండా మెట్లు దిగి కింద తలుపు దబదబా బాదాను. యాభై ఏళ్ళావిడ నైట్‌గౌనులో, నిద్రకళ్ళతో తలుపు తీసింది. మమ్మల్ని కిందనుంచి పైదాకా చూసి ఒక్కటే ముక్క అంది: "ఇవాళ బుధవారం కదమ్మా."

నాకు అర్థం కాలేదు. బుధవారమైతే టోర్నడో రాదా? ఆవిడ లోపలికి రమ్మని క్యాలెండర్ దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. ప్రతి నెలా మొదటి బుధవారం ఒంటిగంటకి సైరన్లు పనిచేస్తున్నాయో లేదో పరీక్ష చేస్తారట. ఆకాశం తేటగా ఉండి, ఆ రోజు ఆ వేళకి మోగితే పరీక్ష. వేరే రోజో, వేరే వేళో, మబ్బు కమ్మి ఉన్నప్పుడో మోగితే ఆలోచించకుండా కిందకి, కిటికీల్లేని గదిలోకి పొమ్మంది. ఏప్రిల్‌లో ఓ వారం రాష్ట్రమంతా డ్రిల్లు కూడా చేస్తారు, బెంబేలెత్తకు.

పెద్దాడు ఆవిడ సోఫా ఎక్కి గెంతబోతే ఆపాను. అప్పుడు చెప్పింది, తను ఆస్పత్రిలో రాత్రి డ్యూటీ నర్సునని. పొద్దున ఎనిమిదికి ఇంటికొచ్చి పడుకుంటుందట. అంటే నా స్కైప్ ఎనిమిదిన్నర. మూడు నెలలుగా ఆవిడ కంటి మీద కునుకు లేకుండా చేసింది మేమే. "పొద్దున రెండు గంటలు వాళ్ళని బయటికి తీసుకెళ్ళు, సాయంత్రం ఇల్లు పడగొట్టినా నాకు పర్లేదు, డ్యూటీకి పోతాను" అంది. అంతే. ఇంత చిన్న సంగతి తేలడానికి మాకు ఊరంతా సైరన్ మోగాల్సి వచ్చింది.

ఇప్పుడు నువ్వంటావు, అక్కా, మాకు వాట్సాప్ గ్రూపులున్నాయి, మీలాగా కాదు అని. ఉన్నాయమ్మా, నేనూ మూడు గ్రూపుల్లో ఉన్నాను. గోంగూర ఏ షాపుకి వచ్చిందో ఐదు నిమిషాల్లో చెబుతారు. బుధవారం ఒంటిగంటకి నీ చంకలో పిల్లాడు వణుకుతుంటే తలుపు తీసేది గ్రూపు కాదు.

రెండో తప్పు ఇంకా సిగ్గుచేటు. మా స్కూల్ డిస్ట్రిక్ట్ నుంచి రంగురంగుల కేటలాగు ఒకటి పోస్టులో వచ్చేది. ప్రకటనల కాగితమనుకుని, బురద బూట్లు పెట్టుకోవడానికి గుమ్మం దగ్గర పరిచేదాన్ని. మంచి మందం కాగితం, నీళ్ళు బాగా పీల్చేది. రెండో ఏడు వసంతంలో చిన్నాడు బూటు లాగితే దానికింద ఒక పేజీ కనిపించింది. నేల మీద కూర్చున్న తల్లులు, పక్కన పిల్లలు. ఇ.సి.ఎఫ్.ఇ. అని ఉంది. ఎర్లీ చైల్డ్‌హుడ్ ఫ్యామిలీ ఎడ్యుకేషన్ అన్నమాట. మిన్నెసోటాలో 1974 నుంచి నడుస్తోంది, పుట్టిన బిడ్డ నుంచి కిండర్‌గార్టెన్‌కి వెళ్ళేదాకా. ఫీజు మీ ఆదాయాన్ని బట్టి ఉంటుంది, కట్టలేనంటే రావద్దనరు. నేను ఏడాదికి పైగా దాన్ని బూట్ల కింద తొక్కిపెట్టాను!

అక్కడేం చేస్తారంటే, కాసేపు పిల్లల్తో మనమూ ఇసుకలో, రంగుల్లో ఆడాలి. తర్వాత పిల్లలు వాళ్ళ టీచరు దగ్గరుంటారు, తల్లులం పక్క గదిలో కూర్చుంటాం. ఒక టీచరమ్మ మనచేత మాట్లాడిస్తుంది. మొదటి రోజు నేను నోరు విప్పలేదు. నా ఇంగ్లీషుకి నవ్వుతారని భయం. రెండో వారం పిల్లల అల్లరి మీద మాట వచ్చింది. నా పక్కన ఒక సోమాలీ తల్లి, ముగ్గురు మగపిల్లలు. (మిన్నెసోటాలో సోమాలీలు చాలామంది, ఈపాటికి చూసే ఉంటావు.) ఆవిడ ఇంగ్లీషు నాకన్నా అన్యాయం, అయినా ఆగకుండా మాట్లాడేస్తోంది. "మేకపిల్లల్ని కట్టేస్తే ఏం చేస్తాయి? తాడు కొరుకుతాయి. పిల్లల్ని తిట్టకండి, తాడు విప్పండి" అంది. మా తాతకి మేకలుండేవి. ఆ మాట మా ఊళ్ళో అరుగు మీద విన్నట్టే అనిపించింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆవిడే కార్లో దింపింది. ఆ తర్వాత వారానికి మూడు రోజులు పార్కులో కలిసేవాళ్ళం. నాకు కారు నేర్చుకునే ధైర్యం చెప్పింది కూడా ఆవిడే. ఇ.సి.ఎఫ్.ఇ.కి వెళ్ళడానికి మీ పెద్దాడికి ఇంకా కొన్ని నెలలు, చిన్నాడికి రెండేళ్ళు టైముంది. రేపు పొద్దున్నే వాళ్ళకి ఫోన్ చెయ్యి.

పార్కు అంటే గుర్తొచ్చింది. పొడుగు గడ్డిలో, చెట్ల మధ్య తిరిగొచ్చాక పిల్లల ఒళ్ళంతా చూడు. చెవుల వెనక, చంకల్లో, జుట్టులో, గజ్జల్లో. గోమారిలాంటి చిన్న పురుగు పట్టుకుంటుంది, కొన్నింటివల్ల లైమ్ జబ్బు వస్తుంది. అంటుకుని ఉంటే సన్న పట్టకారుతో చర్మం దగ్గర పట్టుకుని తిన్నగా లాగు, నూనెలూ నిప్పులూ పెట్టకు. ఎర్ర మచ్చ పెద్దదవుతున్నా, జ్వరం వచ్చినా డాక్టరుకి చూపించు.

ఇంకో తిప్పలు కూడా చెబుతా, పొద్దు. జూన్‌లో తొమ్మిదింటికి గాని సూర్యుడు పోడు. ఎనిమిదింటికి పడుకోమంటే మా చిన్నాడు కర్టెన్ తీసి, "ఇంకా పగలే, అబద్ధాలాడకు" అనేవాడు. మందపాటి నల్ల కర్టెన్లు కొను. ఈ ఒక్కదాని మీద డబ్బు పెట్టు.

బేస్‌బాల్ అడిగావు కదా. ఐదేళ్ళవాళ్ళకి టీ-బాల్ అంటారు, బంతిని కర్ర మీద పెడితే పిల్లలు కొడతారు. ఊరి పార్కువాళ్ళది చాలు. ఖరీదైన క్లబ్బులు ఆ వయసు పిల్లలకి దండగ. ఆటకన్నా నీకు కావాల్సింది గట్టు మీద కుర్చీలేసుకుని కూర్చునే తల్లిదండ్రులు. అయితే నాలాగా చెయ్యకు. ఆటయ్యాక పిల్లలకి తినడానికి వంతులవారీగా ఎవరో ఒకరు తెస్తారు. నా వంతు వచ్చినప్పుడు గొప్ప కోసం రాత్రంతా కూర్చుని బెల్లం పాకం పట్టి వేరుశనగ అచ్చులు చేసుకెళ్ళాను. కోచ్ డబ్బా మూత తీశాడు, వాసన చూశాడు, నవ్వుతూ మూత పెట్టేసి తీసుకెళ్ళి తన కార్లో పెట్టాడు. ఒక్క పిల్లాడి చేతికీ ఇవ్వలేదు. నాకు తల కొట్టేసినట్టయింది. మన తిండి అంటే వీళ్ళకి రోత అనుకుని రెండు వారాలు పిల్లాణ్ణి ఆటకే తీసుకెళ్ళలేదు.

తర్వాత ఒక తల్లే నన్ను వెతుక్కుంటూ వచ్చి చెప్పింది. ఆవిడ కొడుక్కి వేరుశనగ పడదు, ముక్క నోట్లో పడితే ఊపిరాడదు, సంచిలో ఎప్పుడూ ఇంజెక్షన్ ఉంటుంది. సీజను మొదట్లోనే అందరికీ ఈమెయిల్ పంపారట. నేను ఆ ఈమెయిల్ తెరవలేదు. ఇప్పుడైతే నారింజ తొనలూ నీళ్ళ సీసాలూ తీసుకెళ్తాను, ఏ పేచీ లేదు. ఆ అచ్చులు మాత్రం కోచే తిన్నాడట. బాగున్నాయన్నాడు, ఎలా చేస్తారని కూడా అడిగాడు.

మా పిల్లలకిప్పుడు మీసాలొచ్చాయి. పెద్దాడు నన్ను కూర్చోబెట్టుకుని కారు నడుపుతాడు, నా డ్రైవింగుకి వంకలు పెడతాడు. కింద ఇంటి నర్సమ్మ రిటైరై అరిజోనా వెళ్ళిపోయింది. క్రిస్మస్‌కి కార్డు పంపుతుంది, లోపల 'ఇవాళ ఏ వారం?' అని రాసి.

క్యాంపు ఫీజులూ బేస్‌బాల్ ఖర్చులూ అడిగావు కదా, వివరంగా రాస్తాను. ముందు ఒక డబ్బాలో ఏదో ఒకటి పట్టుకుని, వేరుశనగ కాకుండా, కిందకి దిగు. వచ్చే ఉత్తరంలో మీ కింద ఇంట్లో ఎవరుంటారో, ఏ వేళకి పడుకుంటారో రాయి. అది చదివాకే నా జవాబు.