1.08 చూసి పెట్రోలు పెంచకు

మైపాడు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నిన్న రాత్రి నువ్వు పంపిన, నీ బోటు ఆక్సిజన్ సెన్సారు గేజీ ఫోటో చూశాను. ఇంజిన్ 3,400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) దగ్గర ఉంది. ఎడమ వరుస సిలిండర్లకు లాంబ్డా 1.08, కుడి వరుసకు 0.88. కింద నువ్వు రాసిన ఒక్క ముక్క: "ఎడమవైపు పెట్రోలు పది శాతం పెంచేయనా మామయ్యా?" వద్దు నాయనా. ఫోనులో వద్దని ఊరుకుంటే ఎందుకు వద్దో నీకు అర్థం కాదు, అందుకే తెల్లవారగానే రాయడానికి కూర్చున్నాను. ఇది చదివేదాకా బోటును క్రీక్‌లోకి దించకు.

ఆక్సిజన్ సెన్సారు పెట్రోలును కొలవదు. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసి, గాలి ఎక్కువైందా పెట్రోలు ఎక్కువైందా అని లెక్కగట్టి చెబుతుంది. లాంబ్డా 1 అంటే పెట్రోలంతా కాలడానికి సరిగ్గా సరిపోయే గాలి. అంతకు మించితే మిశ్రమం పల్చన, తగ్గితే చిక్కన. ఇంతవరకు నీకూ తెలుసు. ఒక సిలిండర్‌లో నిప్పు సరిగా పడకపోతే ఏమవుతుందో ఆలోచించు. అందులోకి వెళ్లిన గాలి కాలకుండా అలాగే పొగగొట్టంలోకి వచ్చేస్తుంది. సెన్సారు ఆ ఆక్సిజన్‌ను చూసి మిశ్రమం పల్చగా ఉందంటుంది. ఆ మాట నమ్మి నువ్వు పెట్రోలు పెంచితే, చక్కగా కాలుతున్న మిగతా మూడు సిలిండర్లనూ పెట్రోలులో ముంచినట్టే.

నేను షార్జాలో పనిచేసిన తొలి ఏడాది సరిగ్గా ఇదే చేశాను. అదీ నీ బోటులో ఉన్నటువంటి 5.7 లీటర్ల వీ8 ఇంజినే. ఒక వరుస పల్చగా చూపిస్తోందని పన్నెండు శాతం పెంచాను. తెర మీద అంకె దిగి వచ్చింది, నేను సంతోషించాను. మూడు వారాలకు బోటు తిరిగి వచ్చింది. ఆయిలు కొలిచే కడ్డీ పైకి తీస్తే పెట్రోలు వాసన గుప్పున కొట్టింది. సిలిండర్ గోడల మీది ఆయిలు పొరను పెట్రోలు కడిగేసింది, పిస్టన్ రింగులు అరిగిపోయాయి, రెండు సిలిండర్లకు గీతలు పడ్డాయి. ఆ రాత్రి షెడ్డులో దీపాలు ఆర్పి ఇంజిన్ నడిపించాం. ఒక ప్లగ్గు వైరు తొడుగు పగిలిన చోట నీలంగా నిప్పు, సిలిండర్ల పొగను పోగుచేసే మ్యానిఫోల్డ్ మీదికి దూకుతోంది. ఉప్పుగాలికి తొడుగు చీలింది, అంతే. ఒక వైరు మార్చాల్సిన చోట నేను ఒక ఇంజిన్ పాడుచేశాను. ఆ యజమాని ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది.

కాబట్టి నువ్వు ముందు చేయాల్సింది సెన్సారు అంకెల రికార్డు తెరిచి, ఇంజిన్ ఐడిల్‌లో, అంటే యాక్సిలరేటర్ ఇవ్వకుండా ఊరికే తిరుగుతున్నప్పటి అంకెలు చూడడం. ఐడిల్‌లో రెండు వరుసల మధ్య తేడా ఎక్కువగా ఉండి, వేగం పెరిగేకొద్దీ తగ్గుతుంటే ఎడమ గొట్టంలో ఎక్కడో లీకు ఉంది. తక్కువ వేగంలో పొగ కొట్టుకునే తీరుకు ఆ సందులోంచి బయటి గాలి లోపలికి వస్తుంది, వేగం పెరిగాక ఆ ప్రభావం తగ్గిపోతుంది. అలా కాక వేగం, బరువు పెరిగిన దగ్గరే తేడా వస్తుంటే ప్లగ్గు, వైరు, పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు చూడు. పెట్రోలు పంపు బలహీనమైతేనో, ట్యాంకు దగ్గరి కవాటం మూసుకుంటేనో రెండు వరుసలూ కలిసి పల్చబడతాయి గాని ఒక్కటే పల్చబడదు. ఇవన్నీ బాగున్నాయా? రెండు సెన్సార్లను ఇటుదటు, అటుదిటు మార్చి బిగించు. తప్పుడు అంకె సెన్సారుతో పాటు కుడివైపుకు వెళ్లిందంటే ఇంజిన్ తప్పేమీ లేదు, సెన్సారే పోయింది.

బోటులో సెన్సారు పోవడం వింత కాదు. ఈ వస్తువు పుట్టింది కారు కోసం, మొదట బిగించింది 1976లో వోల్వో కారుకు. కారు గొట్టంలో పొగ తప్ప ఏమీ ఉండదు. బోటులో మాత్రం గొట్టాన్ని చల్లబరచడానికి సముద్రపు నీటినే పొగలో కలుపుతారు. ఇలా లాంబ్డాను అంకెలో చూపే వైడ్‌బ్యాండ్ సెన్సారు లోపలి పింగాణీ దాదాపు 780 డిగ్రీల వేడిలో పనిచేస్తుంది. వెలుగుతున్న లాంతరు గాజు మీద నీటి చుక్క పడితే ఏమవుతుందో మీ అమ్మమ్మ ఇంట్లో చూసే ఉంటావు. ఇదీ అంతే. నీ ఎడమ సెన్సారు ఊడదీసి తెల్లని ఉప్పు చారలు ఉన్నాయేమో చూడు, చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపు. లోపల గలగలమంటే దాని పని అయిపోయింది.

సెన్సారు ఉండాల్సిన చోటు నీళ్లు కలిసే చోటికి ఎగువన, పొడిగా ఉండే భాగంలో. అలాగని మ్యానిఫోల్డ్‌కు డ్రిల్లు పెట్టేవు! దాని గోడల మధ్య నీళ్లు తిరుగుతుంటాయి. రంధ్రం పడితే ఆ నీళ్లు సిలిండర్‌లోకి దిగుతాయి, నీళ్లు నిండిన సిలిండర్ మీదికి పిస్టన్ ఎక్కబోతే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. మ్యానిఫోల్డ్‌కూ, దాని పైన పొగను తీసుకెళ్లే రైజరు గొట్టానికీ మధ్య సెన్సారు మరతో వచ్చే స్పేసరు పెట్టి, సెన్సారు మొన కిందికి వాలి ఉండేలా అడ్డానికి కనీసం పది డిగ్రీల ఏటవాలుగా బిగించు. అప్పుడు చేరిన తేమ కిందికి కారిపోతుంది. క్యామ్‌షాఫ్ట్ (కవాటాలను తెరిచే ఇరుసు) మార్చిన ఇంజిన్లలో ఐడిల్‌లో పొగ వెనక్కి లాగుతుంది, దానితో నీటి తుంపరలు కూడా పైకి వస్తాయి. నీ బోటు పాత యజమాని ఆ పని చేయించి ఉంటే ఐడిల్ కొంచెం పెంచాల్సి వస్తుంది. ఇంజిన్ నడుస్తున్నంతసేపూ సెన్సారుకు కరెంటు ఉండాలి, లేకపోతే మసి పట్టి చెడిపోతుంది. సిలికాన్ జిగురు ఆవిరి కూడా దానికి విషమే, కాబట్టి ఆ దరిదాపుల్లో గ్యాస్కెట్‌కు బదులు జిగురు పూయకు. ట్యూనింగ్ అయ్యాక సెన్సార్లు తీసి, ఆ చోట మరమేకు బిగించి, వాటిని డబ్బాలో దాచుకో.

ఇక అసలు పని. కారులా బోటు ఎక్కడా జారుడుగా పోదు. యాక్సిలరేటర్ వదిలితే నీళ్లే పట్టి ఆపుతాయి. అందుకే బోటు ఇంజిన్ పరుగంతా భారం మీదే, కారు మ్యాపు (ఏ వేగంలో, ఏ భారంలో ఎంత పెట్రోలు చిమ్మాలో చెప్పే పట్టిక) తెచ్చి ఇందులో పెడితే పిస్టన్లు కరుగుతాయి. అన్నిటికన్నా కష్టమైన ఘట్టం ముక్కు పైకి లేచి బోటు నీటి మీదికి ఎక్కే కొద్ది క్షణాలు. ఇంజిన్ మూడు వేల ఆర్‌పీఎం కూడా దాటదు గాని, గాలిని లోపలికి వదిలే థ్రాటిల్ దాదాపు పూర్తిగా తెరిచి ఉంటుంది. నాకింగ్, అంటే సిలిండర్‌లో మిశ్రమం వేళ తప్పి పేలడం, వచ్చేది అక్కడే. నువ్వు ఒక్కడివే కూర్చుని పరీక్షిస్తే బోటు చిటికెలో ఎక్కేస్తుంది, ఏ లోపమూ బయటపడదు. ఆరుగురి బరువుకు సరిపడా ఇసుక బస్తాలు వేసుకుని పరీక్షించు. తెల్లవారుజామున, గాలి లేవకముందు, క్రీక్‌లో నీళ్లు కదలకుండా ఉన్నప్పుడు, పోర్టువాళ్ల అనుమతి ఉన్న మేరకే వెళ్లు. అలల మీద ప్రొపెల్లరు గాలిలోకి తేలితే భారం తప్పుతుంది, అప్పుడు రాసుకున్న అంకెలు ఎందుకూ పనికిరావు.

ప్రొపెల్లరు మాట వచ్చింది కాబట్టి, మ్యాపు ముట్టుకునే ముందే నిండు థ్రాటిల్‌లో ఇంజిన్ ఎంత తిరుగుతోందో చూడు. ఇంజిన్ పుస్తకంలో ఉన్న పరిధిని అందుకోవాలి. అందుకోకపోతే పిచ్, అంటే ప్రొపెల్లరు ఒక్క చుట్టుకు ముందుకు జరగాల్సిన దూరం, ఎక్కువైంది. ఒక అంగుళం తగ్గిస్తే 150 నుంచి 200 ఆర్‌పీఎం దాకా పెరుగుతుంది. తగని ప్రొపెల్లరుతో ఏ ట్యూనింగూ నిలవదు.

అంకెల విషయంలో నా అలవాటు చెబుతాను. ఐడిల్‌లో 0.95 నుంచి 1 మధ్య, బోటు నీటి మీద సాఫీగా పరిగెడుతున్నప్పుడు 0.92 చుట్టూ, నిండు థ్రాటిల్‌లో 0.84 నుంచి 0.86. ప్రతి వేగం దగ్గర పది సెకన్లు నిలకడగా పట్టి ఉంచాకే అంకె రాసుకో. నీకు 0.85 కావాలి, 0.92 కనిపిస్తోంది అనుకో, 0.92ని 0.85తో భాగిస్తే 1.08 వస్తుంది. అంటే మ్యాపులో ఆ గడిలో పెట్రోలు ఎనిమిది శాతం పెంచాలి. తగ్గించాల్సి వస్తే మాత్రం ఒక్కసారిగా తగ్గించకు, రెండు శాతం చొప్పున దిగు. ఇంజెక్టర్లు మొత్తం సమయంలో 85 శాతానికి మించి తెరిచి ఉంటున్నాయంటే అవి ఆ ఇంజిన్‌కు చిన్నవి, మ్యాపుతో సర్దలేవు.

గేజీని గాలి-పెట్రోలు నిష్పత్తిలో కాక లాంబ్డాలోనే ఉంచుకో. ఇప్పుడు మన బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. అచ్చమైన పెట్రోలు ఒక పాలుకు బరువులో 14.7 పాళ్ల గాలి కావాలి, దీనికి 13.5 చాలు. నిష్పత్తి ఇలా మారినా లాంబ్డా 1 అర్థం మారదు. అంటే పాత పెట్రోలుకు రాసిన మ్యాపు ఇప్పుడు ఏడెనిమిది శాతం పల్చన. నీ బోటు మ్యాపు ఎప్పటిదో కనుక్కో. ఇంకో సంగతి, ఇథనాల్ నీటిని పీలుస్తుంది, ఎక్కువైతే విడిపోయి ట్యాంకు అడుగుకు చేరుతుంది. వానాకాలమంతా నిలవ ఉన్న పెట్రోలుతో ట్యూనింగ్ మొదలుపెట్టకు. అలాగే ఇప్పుడు సరిచేసిన మ్యాపును రోహిణి కార్తెలో మళ్లీ ఒకసారి చూడాలి. రోళ్లు పగిలే ఆ ఎండకు గాలి పల్చబడుతుంది. ఇరవై డిగ్రీల గాలికీ నలభై డిగ్రీల గాలికీ బరువులో ఆరు శాతం తేడా ఉంది. గాలి వేడిని కొలిచే సెన్సారు ఇంజిన్ మూత కింది సెగను కొలుస్తుంటే ఆ లెక్క తప్పుతుంది.

సెన్సారు చెప్పేది నాలుగు సిలిండర్ల సగటు అని మరచిపోకు. ఒకటి మాడిపోతున్నా సగటు బాగానే ఉండవచ్చు. నిండు థ్రాటిల్‌లో నడిపి, అలాగే ఇంజిన్ ఆపేసి, ఎనిమిది ప్లగ్గులూ తీసి వరుసగా పేర్చి ఎండలో చూడు. తెల్లని పింగాణీ మీద మిరియాల పొడి చల్లినట్టు సన్నని బూడిదరంగు చుక్కలు మెరిస్తే అది పిస్టన్ నుంచి రాలిన అల్యూమినియం. లాంబ్డా ఎంత చక్కగా ఉన్నా సరే అక్కడితో ఆపి, ఇగ్నిషన్ టైమింగ్ (నిప్పు పడే వేళ) వెనక్కి తీయాలి.

స్టార్టు చేసే ముందు ఇంజిన్ గదిలో బ్లోయరు నాలుగు నిమిషాలు తిరగాలి. పెట్రోలు ఆవిరి బరువైనది, అడుగున పేరుకుంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. సెన్సారు కంట్రోలర్ డబ్బాను కూడా ఆ గదిలో పెట్టకు. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా పిల్లలెవరినీ బోటు వెనుక అంచున కూర్చోనివ్వకు. చిక్కని మిశ్రమంతో వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ఆదివారం పొద్దున మొదటి బస్సుకు నెల్లూరు మీదుగా వస్తాను. ఆలోగా ఎడమవైపు నాలుగు ప్లగ్గులు తీసి, ఏది ఏ సిలిండర్‌దో చీటీ కట్టి ఉంచు. తుడవకు.

నీ
మామయ్య