టెక్ సందేహాలు: క్లచ్ మార్చినా కారు అదురు పోలేదు

ప్రశ్న: మాది 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, మాన్యువల్ గేర్లు. 68,000 కిలోమీటర్లు తిరిగింది. పొద్దున్నే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోంచి రివర్స్‌లో ర్యాంప్ ఎక్కిస్తూ క్లచ్ మీద కాలు తీస్తుంటే బండి మొత్తం దడదడ అదురుతోంది. ఎనిమిది నెలల క్రితం ఇదే బాధకి క్లచ్ సెట్ మార్పించాం. రెండు నెలలు బాగుంది, మళ్లీ మొదలైంది. ఇప్పుడు మళ్లీ గేర్‌బాక్స్ దించి ప్లేట్ వేయాలంటున్నారు. ఫోన్‌కి కలిపే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొన్నాను, అది ఒక్క ఎర్రర్ కోడ్ కూడా చూపించట్లేదు. దీన్ని పట్టుకునే యాప్ గానీ గ్యాడ్జెట్ గానీ ఉందా?
– విశాఖపట్నం నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ స్కానర్ బాగానే ఉంది. డ్యాష్‌బోర్డు కింద ఉండే ఓబీడీ పోర్టులోంచి అది చదివేది ఇంజిన్ కంప్యూటర్‌కి తెలిసిన సంగతులు మాత్రమే. క్లచ్ గురించి ఆ కంప్యూటర్‌కి తెలిసేదల్లా పెడల్ తొక్కారా లేదా అన్నంతవరకే, అదీ పెడల్ దగ్గర స్విచ్ ఉంటే. ప్లేట్ అరిగిందా, దాని మీద నూనె పడిందా అని చెప్పే సెన్సర్ మీలాంటి బండిలో ఉండదు. అయినా స్కానర్ ఒక మేలు చేసింది. ఇంజిన్‌లో సిలిండర్ సరిగ్గా మండకపోతే వచ్చే పీ0300, పీ0301 వరస కోడ్‌లు లేవంటే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ మీద అనుమానం చాలావరకు తగ్గినట్టే.

అసలు విషయానికి వస్తే, దయచేసి గేర్‌బాక్స్ అప్పుడే దించనివ్వకండి. రెండు నెలల్లోనే అదురు తిరిగొచ్చిందంటే కొత్త ప్లేట్‌ని పాడుచేస్తున్నది ఇంకేదో అక్కడే ఉందన్నమాట, లేదా మొదట్నుంచీ తప్పు క్లచ్‌ది కాదన్నమాట. ఈ రెంటిలో ఏది అన్నది బండి విప్పకుండానే చాలావరకు తేల్చుకోవచ్చు.

ముందు ఈ అదురు ఎలా పుడుతుందో చూద్దాం. ఇనప మంచాన్ని గచ్చు మీద లాగితే అది నున్నగా జారి రాదు. పట్టుకుంటుంది, వదులుతుంది, మళ్లీ పట్టుకుంటుంది, గరగరమంటూ వస్తుంది. క్లచ్‌లో జరిగేదీ అదే. ఇంజిన్‌తో పాటు తిరిగే ఇనప చక్రం ఫ్లైవీల్‌కీ, దాని వైపు నొక్కే ప్రెషర్ ప్లేట్‌కీ మధ్య క్లచ్ ప్లేట్ కాసేపు జారుతూ మెల్లగా బిగుసుకోవాలి. దాని మీద రాసుకునే పొర, అంటే లైనింగ్, బాగున్నంతకాలం ఆ పట్టు ఒకే తీరుగా పెరుగుతుంది. నూనె చుక్కలు పడినా, వేడికి లైనింగ్ గాజులా నునుపెక్కినా పట్టు తీరు మారిపోతుంది. జారేటప్పుడు తక్కువ, ఆగబోయేటప్పుడు ఎక్కువ. ప్లేట్ ఒక్కసారిగా పట్టేస్తుంది, చక్రాల్ని తిప్పే యాక్సిల్ స్ప్రింగులా మెలిపడుతుంది, ప్లేట్ వదిలేస్తుంది, మళ్లీ పట్టేస్తుంది. సెకనుకి ఇంచుమించు 10 సార్లు ఇలా జరిగితే సీటు కింద మీకు తెలిసే దడదడ అదే. ఫస్ట్‌లో, రివర్స్‌లో ఇంజిన్ బలం చక్రాలకి బాగా హెచ్చి చేరుతుంది కాబట్టి అదురు ఆ రెండింట్లోనే గట్టిగా తెలుస్తుంది.

ఇప్పుడు మీరడిగిన యాప్. ఫోన్‌లో కదలికని కొలిచే యాక్సిలరోమీటర్ ఎలాగూ ఉంది. జర్మనీలోని ఆకెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఫిజిక్స్ ప్రయోగాల కోసం తయారుచేసిన ఫైఫాక్స్ అనే యాప్ ఉచితం, ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ పనిచేస్తుంది. అందులో యాక్సిలరేషన్ స్పెక్ట్రమ్ అనే ప్రయోగం తెరిస్తే అదురు సెకనుకి ఎన్నిసార్లు వస్తోందో గ్రాఫ్‌లో ఒక శిఖరంలా లేస్తుంది. ఫోన్‌ని డ్యాష్‌బోర్డు స్టాండ్‌లో పెట్టకండి, ఆ స్టాండ్ తనే ఊగుతుంది. ముందు సీటు కింద ఫ్లోర్ మీద, జారకుండా డబుల్ టేప్‌తో అంటించండి. పెడల్స్ వైపు మాత్రం వద్దు. నడిపేవాళ్లు ఒకరు, ఫోన్ చూసేవాళ్లు ఒకరు ఉండాలి.

మొదట న్యూట్రల్‌లో, బండి నిలబడి ఉండగా కొలవండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్ ఒక్కో చుట్టుకి రెండుసార్లు మండుతుంది కాబట్టి 900 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి 900 చుట్ల దగ్గర, సెకనుకి 30 దగ్గర శిఖరం రావాలి. మూడు సిలిండర్లదైతే 22, 23 దగ్గర. అది ఇంజిన్ మామూలు ఊపిరి. తర్వాత చదునైన ఖాళీ చోట ఫస్ట్ గేర్‌లో క్లచ్ నెమ్మదిగా వదులుతూ కొలవండి, ఆపైన రివర్స్‌లో. న్యూట్రల్‌లో లేని శిఖరం ఒకటి 10 చుట్టుపక్కల కొత్తగా లేస్తే అది క్లచ్ పట్టేటప్పుడు పుట్టిన అదురే. ఇంకొంచెం ఓపిక ఉంటే యాక్సిలరేటర్ కాస్త పెంచి మళ్లీ చేయండి. శిఖరం ఉన్నచోటే ఉంటే లైనింగ్ మీద, నూనె మీద అనుమానం పెరుగుతుంది. ఆర్‌పీఎంతో పాటు జరిగితే ఏదో వంగింది, లేదా నిటారుగా కూర్చోలేదు. ఇవి ఆనవాళ్లు మాత్రమే, తీర్పు కాదు. ఒక్కో పరీక్షకీ మధ్య రెండు మూడు నిమిషాలు ఆగండి, క్లచ్‌ని కాల్చి పరీక్షలు చేయక్కర్లేదు.

ఫోన్ పక్కన పెట్టి మీ ఒంటితో తెలుసుకునేవి ఇంకా ముఖ్యం. క్లచ్ పూర్తిగా వదిలేశాక, కాలు పెడల్ మీంచి తీసేశాక కూడా అదురు ఉందా? ఉంటే అది క్లచ్ పని కాదు. యాక్సిల్ లోపలివైపు జాయింట్లు, చక్రాలు చూపించండి. పొద్దున్నే నాలుగైదుసార్లు వచ్చి తర్వాత మాయమవుతోందా? సముద్రపు గాలి తగిలే మీ ఊళ్లో రాత్రంతా నిలిపిన బండి ఫ్లైవీల్ ముఖం మీద సన్నటి తుప్పు పొర పడుతుంది. నాలుగుసార్లు క్లచ్ పట్టి వదిలేసరికి అది రాసుకుని పోతుంది. దానికి ఏమీ చేయించక్కర్లేదు. అదే మద్దిలపాలెం, గాజువాక ట్రాఫిక్‌లో అరగంట నడిపాక ఎక్కువవుతుంటే మాత్రం అది వేడికి ముదిరే జబ్బు. నునుపెక్కిన లైనింగో, నూనో అయ్యుంటుంది.

మీ ఉత్తరంలో రివర్స్ అనే మాట దగ్గర నేను ఆగాను. ఫస్ట్‌లో కూడా అంతే అదురుతోందా, లేక రివర్స్‌లోనేనా? అది మీరు రాయలేదు. రివర్స్‌లోనే అయితే ముందు చూడాల్సింది ఇంజిన్ మౌంటింగులు. ఇంజిన్‌ని బాడీకి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలివి, మూడో నాలుగో ఉంటాయి. ముందుకి వెళ్లేటప్పుడు ఇంజిన్ ఒకవైపు ఒరుగుతుంది, రివర్స్‌లో రెండోవైపు. చీలిన రబ్బరు ఒకవైపు ఒరిగినప్పుడు మూసుకుని, రెండోవైపు ఒరిగినప్పుడు తెరుచుకుంటుంది. ఇంజిన్ ఊగితే క్లచ్ కేబుల్ లాగుడు కూడా మారుతుంది, అందువల్ల క్లచ్ మళ్లీ పట్టీ పట్టనట్టు అవుతుంది, ఊపు ఇంకా పెరుగుతుంది. పదేళ్ల బండిలో మౌంటింగ్ రబ్బరు చీలడం వింతేమీ కాదు. బానెట్ తెరిచి, చక్రాలకి అడ్డు రాళ్లు పెట్టి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మీరు బ్రేక్ గట్టిగా తొక్కి ఉంచి రివర్స్‌లో క్లచ్ కొద్దిగా పట్టనిచ్చి వెంటనే తొక్కేయండి. మెకానిక్ పక్కన నిలబడి ఇంజిన్ చూస్తారు. కారు ముందు గానీ వెనక గానీ ఎవ్వరూ ఉండకూడదు. ఇంజిన్ పైకి ఎగిరిపడినట్టు లేస్తే దొంగ దొరికినట్టే, గేర్‌బాక్స్ దించే పనే లేదు.

క్లచ్ కేబుల్ కూడా చూడండి. ఇంజిన్ ఆపి పెడల్‌ని చేత్తో నెమ్మదిగా నొక్కి వదలండి. మధ్యలో ఎక్కడైనా పట్టి పట్టి జరిగితే కేబుల్ లోపల తీగ చితికిందనో, కేబుల్ లాగితే క్లచ్‌ని విడదీసే ఫోర్క్ ఇరుసు ఎండిపోయిందనో అర్థం. ఇదీ బయటినుంచే తేలిపోయే పని.

ఇక నూనె. నాకు బాగా అనుమానం ఇక్కడే, ఎందుకంటే ఇది నాకే జరిగింది. కొన్నేళ్ల క్రితం నా కారుకి ఒక షెడ్డులో క్లచ్ సెట్ వేయించాను. మూడో నెలలో అదురు తిరిగొచ్చింది. రెండోసారి గేర్‌బాక్స్ దించినప్పుడు పని మానుకుని పక్కనే నిలబడ్డాను. మెకానిక్ ప్లేట్ తీసి నా చేతికిచ్చారు. ఒకవైపు లైనింగ్ బూడిదరంగులో గరుగ్గా ఉంది. రెండోవైపు దోసెల పెనంలా నల్లగా మెరుస్తోంది. బొటనవేలితో రాస్తే జిడ్డు అంటింది, వాసన చూస్తే ముక్కు పుటాలు మండే గంధకపు ఘాటు. అది గేర్ ఆయిల్. క్లచ్ ప్లేట్ మధ్యలోకి దూరే గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ చుట్టూ ఉండే సీల్ కారి, చుక్క చుక్కగా షాఫ్ట్ వెంట నడిచి కొత్త ప్లేట్ మీదికి చేరింది. ఆ సీల్ అరచేతిలో పట్టేంత చిన్న రబ్బరు ఉంగరం. మొదటిసారి బిల్లు ఇంటికొచ్చి వెతికాను, అందులో అది లేదు. దాన్ని మార్చకుండా దాని ఎదురుగానే కొత్త ప్లేట్ బిగించేశారు. రెండోసారి కూలీ, రెండోసారి సెట్, అంతా ఆ ఉంగరం కోసమే కట్టాను.

కాబట్టి బండిని లిఫ్ట్ మీద ఎక్కించి ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే బెల్ హౌసింగ్ అడుగున వేలితో తడిమి చూడమనండి. నల్లటి తడి ఉంటే ఇంజిన్ వెనక క్రాంక్ సీల్ కారుతోంది. ఘాటు వాసన ఉంటే గేర్‌బాక్స్ సీల్. కేబుల్ బదులు హైడ్రాలిక్ క్లచ్ ఉండి, దాని సిలిండర్ బెల్ హౌసింగ్ లోపలే ఉండే బండి అయితే పల్చటి బ్రేక్ ఆయిల్ కూడా కారవచ్చు, డబ్బాలో మట్టం తగ్గుతోందేమో చూసుకోండి.

ఇవన్నీ చూశాక కూడా క్లచ్ మీదే తేలితే అప్పుడు గేర్‌బాక్స్ దించనివ్వండి, కానీ మీరు అక్కడే ఉండండి. మేడం, మీరు వెళ్లి సాయంత్రం రండి అంటారు. వెళ్లకండి. మీ ప్లేట్ మీ చేత్తో పట్టుకుని చూసే హక్కు మీకుంది, చూస్తే మీకూ అర్థమవుతుంది. ఫ్లైవీల్ ముఖం మీద నీలిరంగు మచ్చలు, సన్నటి బీటలు ఉన్నాయేమో చూడండి. ఉంటే దాన్ని లేత్‌కి పంపి చదును చేయించాలి. మచ్చల మీద కొత్త ప్లేట్ వేస్తే కొద్దిరోజుల్లో ఇదే కథ. రెండు ముక్కల మధ్య స్ప్రింగులుండే డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ ఉన్న డీజిల్ బండ్లలో ఈ చదును పని కుదరదు, పాడైతే మొత్తం మార్చడమే. గేర్‌బాక్స్‌ని ఇంజిన్‌కి సరిగ్గా ఎదురుబొదురు కూర్చోబెట్టే డోవెల్ పిన్నులు రెండూ ఉన్నాయా? ఎవరో ఎప్పుడో విప్పినప్పుడు ఒకటి పోయుంటే గేర్‌బాక్స్ వంకరగా కూర్చుంటుంది, ఎన్ని ప్లేట్లు మార్చినా అదురు పోదు. షాఫ్ట్ పళ్లకి గ్రీజు సన్నటి పూతగా మాత్రమే రాయాలి. ఎక్కువైన గ్రీజు తిరిగే వేగానికి చిమ్మి లైనింగ్ మీదే పడుతుంది. ప్లేట్‌ని జిడ్డు చేతుల్తో పట్టుకోకూడదు. ప్రెషర్ ప్లేట్ బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పండి. గేర్‌బాక్స్ ఎక్కించేటప్పుడు కింద జాకీ పెట్టాలి. చేతుల మీద ఎత్తి, షాఫ్ట్‌ని ప్లేట్ రంధ్రంలో దూర్చి, బోల్టు వెతుక్కునేదాకా ఆ బరువంతా ప్లేట్ మీద వేలాడదీస్తే కొత్త ప్లేట్ అక్కడికక్కడే వంగిపోతుంది. కంటికి కనపడదు, బండి కదలగానే తెలుస్తుంది.

మీ ర్యాంప్ గురించి కూడా ఒక మాట. వెనక చూసుకుంటూ, భయపడుతూ, ఇంజిన్ రేజ్ చేసి హాఫ్ క్లచ్‌లో అంగుళం అంగుళం ఎక్కించడం లైనింగ్‌ని రోజూ కాల్చడమే. సాయంత్రం రివర్స్‌లో దిగండి. దిగుడుకి బ్రేక్ చాలు. పొద్దున ఫస్ట్‌లో ముందుకి ఎక్కితే దారి కనిపిస్తుంది కాబట్టి క్లచ్ త్వరగా పూర్తిగా వదిలేయగలరు. కొత్త ప్లేట్ వేయించుకుంటే మొదటి కొన్ని వందల కిలోమీటర్లు మరీ జాగ్రత్త.

ప్రశ్న: నాది ఏఎంటీ కారు, క్లచ్ పెడలే లేదు. ఈమధ్య స్టార్టింగ్‌లో జెర్క్ కొడుతోంది. ఇది సాఫ్ట్‌వేర్ సమస్యా?
– నిజామాబాద్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: అయినా కావచ్చు, కాకపోనూవచ్చు. 2014లో మారుతి సెలేరియోతో మన దేశంలో మొదలైన ఏఎంటీ అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే కాలు బదులు ఒక మోటారో హైడ్రాలిక్ యంత్రమో ఉంటుంది, అంతే. పైన రాసిన నూనె, లైనింగ్, మౌంటింగ్ బాధలన్నీ దీనికీ వర్తిస్తాయి. అదనంగా ఉన్నది కంప్యూటర్. ప్లేట్ అరిగేకొద్దీ అది పట్టే చోటు జరుగుతుంది, దాన్ని కంప్యూటర్ ఎప్పటికప్పుడు నేర్చుకుంటూ ఉండాలి. కాబట్టి మీరు ముందు సాఫ్ట్‌వేర్ వైపునుంచే మొదలుపెట్టండి. సర్వీస్ సెంటర్‌లో కంపెనీ స్కానర్ పెట్టి క్లచ్ లెర్నింగ్ మళ్లీ చేయించండి, పనిలోపనిగా క్లచ్ అరుగుదల రీడింగ్ చూపిస్తుందేమో అడగండి. బయట కొనే చవక బ్లూటూత్ స్కానర్లతో ఈ పని చేయడానికి ప్రయత్నించకండి. లెర్నింగ్ చేశాక వారం పదిరోజులు బాగుండి మళ్లీ జెర్క్ వస్తే అప్పుడు మౌంటింగులు, ఆపైన ప్లేట్. ఫ్లైఓవర్ ఎత్తు మీద సిగ్నల్ పడితే యాక్సిలరేటర్‌తో బండిని నిలబెట్టే అలవాటుంటే ఈరోజే మానండి. ఆ కాసేపూ లోపల ప్లేట్ కాలుతూనే ఉంటుంది. బ్రేక్ తొక్కి ఆగండి.