సైకాలజిస్ట్ ముందు ఏం చెప్పమని నేర్పాలి?

ప్రశ్న: మా బాబుకి 13 ఏళ్లు. కిడ్నీలు రెండూ పాడయ్యాయి, వారానికి మూడుసార్లు డయాలసిస్. నా కిడ్నీ సరిపోతుందన్నారు. ఆపరేషన్‌కి ముందు సైకాలజిస్ట్ వాడితో, మాతో విడివిడిగా మాట్లాడాలట. వాడికి 'చిన్న ఆపరేషన్' అనే చెప్పాం, నా కిడ్నీ అని తెలీదు. పైగా మాత్రలు దిండు కింద దాస్తున్నాడు. ఇవన్నీ బయటపడితే ఆపరేషన్ ఆపేస్తారేమోనని టెన్షన్. అంతా బాగుందని చెప్పమని వాడికి నేర్పనా? - ఒక తల్లి, కరీంనగర్

జవాబు: నేర్పకండమ్మా. రోజూ పిల్లలతో మాట్లాడేవాళ్ల దగ్గర బట్టీ పట్టిన జవాబు రెండో ప్రశ్నకే దొరికిపోతుంది. అయినా వాళ్లు చూసేది మీ వాడికి మతి బాగుందా లేదా అని కాదు. కొత్త కిడ్నీ మీ ఇంట్లో నిలబడాలంటే ఎక్కడ సాయం కావాలో ముందే తెలుసుకుంటారు. ఏదైనా లోపం కనిపిస్తే సర్దుకోవడానికి కొంతకాలం ఆగమనొచ్చు. ఆగమన్నంత మాత్రాన వద్దన్నట్టు కాదు.

అన్నిటికంటే ముఖ్యం మాత్రల సంగతి. ఆపరేషన్ తర్వాత టాక్రోలిమస్ లాంటి మందులు, మామూలుగా 12 గంటలకోసారి, ఆ కిడ్నీ పనిచేసినన్నాళ్లూ వేసుకోవాలి. మానేస్తే ఒళ్లు దాన్ని పరాయిదనుకుని దెబ్బతీస్తుంది. నొప్పి కూడా ఉండకపోవచ్చు, రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) పెరిగాకే తెలుస్తుంది. చక్కగా అమరిన కిడ్నీలు కూడా టీనేజీలో పోవడం ఎక్కువ, మందులు ఎగ్గొట్టడం అందుకు పెద్ద కారణం. మీ వాడు ఇప్పుడు ఆ వయసులోనే ఉన్నాడు. అందుకే దిండు కింద మాత్రల సంగతి మీరే ముందు చెప్పండి.

ఎందుకు దాస్తున్నాడో తిట్టకుండా అడిగి చూడండి. మాత్ర పెద్దదై గొంతులో అడ్డుపడుతుందేమో, వికారమేమో. లేదా రోజుకిన్ని నీళ్లే అని కొలిచి ఇస్తున్నారు కదా, ఆ నీళ్లు మాత్రకి ఖర్చు చేయడం ఇష్టం లేదేమో. దాహం వేసే పిల్లాడికి అది చిన్న విషయం కాదు, కానీ పైకి చెప్పడు.

ఇక 'చిన్న ఆపరేషన్' అన్న మాట మార్చుకోక తప్పదు. డయాలసిస్ వార్డులో పక్క బెడ్ల వాళ్ల మాటలు వాడు వింటూనే ఉంటాడు, సగం సంగతి ఈపాటికి తెలిసే ఉంటుంది. అమ్మ కిడ్నీ అని, ఒక్క కిడ్నీతో అమ్మ మామూలుగానే బతకగలదని మీ నోటితోనే చెప్పండి. వాడికి కోత పొత్తికడుపు పక్కన పడుతుందని, అమ్మ కొన్నాళ్లు వేరే వార్డులో ఉంటుందని కూడా. అన్నీ ఒకేరోజు గుమ్మరించొద్దు. స్టెరాయిడ్ ఇస్తే మొహం ఉబ్బొచ్చని మాత్రం ముందే చెప్పాలి. లేకపోతే స్కూల్లో ఎవరో వెక్కిరించిన రోజున చడీచప్పుడు లేకుండా మాత్ర మానేస్తాడు.

మిమ్మల్ని ఒంటరిగా కూర్చోబెట్టేది ఎవరి బలవంతమూ లేకుండా ఇస్తున్నారా అని చూడటానికి. భయంగా ఉంటే ఉందనే చెప్పండి, తల్లికి భయం ఉండకూడదని ఏ చట్టంలోనూ లేదు. ఆ రోజు తల్లీకొడుకులిద్దరూ ఆపరేషన్ టేబుల్ మీదుంటారు కాబట్టి వాడి దగ్గర ఎవరుంటారు, ఇంటికొచ్చాక మాత్ర వేళలు ఎవరు చూస్తారు అని అడుగుతారు. మీ ఆయనతో, అత్తగారితో ముందే మాట్లాడుకుని పేర్లతో సహా చెప్పండి. ఆరోగ్యశ్రీలో ఏమేం వస్తాయో ఆసుపత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రని అడిగి రాసుకోండి.

మీ వాడు సైకాలజిస్ట్ గదిలోంచి వచ్చాక 'ఏమడిగారు, ఏం చెప్పావు' అని ఆరా తీయకండి. వాడే చెబితే వినండి.