బిట్ల సంగతి తర్వాత, ముందు క్లాక్ చూడు

చి॥ అమ్మాయికి,
మామయ్య ఆశీస్సులు.

కొత్త ఏడీసీ (అనలాగ్ సిగ్నల్‌ని అంకెలుగా మార్చే సర్క్యూట్) ప్రాజెక్టు గురించి నువ్వు రాసింది చదివాను. 12 బిట్లు, సెకనుకు 4 గిగాశాంపిళ్లు, 1.5 గిగాహెర్ట్జ్ దాకా సిగ్నల్. మెట్లుమెట్లుగా మార్చే పైప్‌లైన్ ఏడీసీ పెట్టాలా, ఒక్కో బిట్టే తేల్చే ఎస్ఏఆర్ ఏడీసీలు నాలుగింటిని ఇంటర్‌లీవ్ చేయాలా, అంటే వంతులవారీగా శాంపిల్ చేయించాలా అని అడిగావు. ఆ ప్రశ్నను కొన్నాళ్లు పక్కన పెట్టు. ఆ 12 ఎవరు అడిగారు, ఎందుకు అడిగారు, ముందు అది కనుక్కో.

ఆదర్శమైన 12 బిట్ల ఏడీసీ సైన్ వేవ్‌కి 74 డీబీ ఎస్ఎన్ఆర్ (సిగ్నల్‌కీ నాయిస్‌కీ పవర్ నిష్పత్తి) ఇస్తుంది. ఆ సూత్రం నిన్ను నిద్రలో లేపినా చెబుతావు. కానీ నీ దగ్గరికొచ్చేది ఓఎఫ్‌డీఎమ్, డేటాని సబ్‌క్యారియర్లనే చిన్న చిన్న తరంగాల మీద పంచి పంపే సిగ్నల్. బోలెడన్ని సబ్‌క్యారియర్లు ఎప్పుడో ఒకసారి కూడబలుక్కున్నట్టు ఒకేవైపు లేస్తాయి. ఆ శిఖరం సగటు పవర్‌కి 10, 12 డీబీ పైన ఉంటుంది. సైన్ వేవ్‌కి ఆ తేడా 3 డీబీయే. 12 డీబీ చోటు వదిలావంటే, సైన్ వేవ్ కన్నా 9 ఎక్కువ కాబట్టి, నీ 74 కాస్తా 65 అయింది, ఒకటిన్నర బిట్లు చేజారాయి. వదలకపోతే ఇంకా ఘోరం. శిఖరం తెగిన ప్రతిసారీ ఆ చెత్త అన్ని సబ్‌క్యారియర్ల మీదా చల్లినట్టు పడుతుంది, పక్క ఛానల్లోకి కూడా పాకుతుంది.

నీ డేటాని మోసే 256 క్వామ్ మాడ్యులేషన్‌కి 30 డీబీ దరిదాపుల్లో ఉంటే గడిచిపోతుంది కదా, మిగతాదంతా దేనికంటావా? పక్కింటివాడి కోసం. నీ సిగ్నల్ పీలగా వస్తున్నప్పుడే పక్క బ్యాండ్‌లో ఒకడు 30 డీబీ ఎక్కువ బలంతో అరుస్తుంటాడు. వైడ్‌బ్యాండ్ రిసీవర్‌లో వాణ్ని గుమ్మం దగ్గరే ఆపే ఫిల్టర్ సాధారణంగా ఉండదు. ఇద్దరూ కలిసే ఏడీసీలోకి వస్తారు. ఈ లెక్కను సిస్టమ్ వాళ్ల పక్కన కూర్చుని కాగితం మీద పెట్టించు. వాళ్లు విసుక్కున్నా సరే, లేవకు. పాత ప్రాజెక్టు షీట్‌లోంచి ఎత్తి రాసిన 12 కోసం మనుషులు ఏడాది కష్టపడటం నేను చూశాను.

ఇక క్లాక్. నీ షీట్‌లో క్లాక్ జిట్టర్‌కి, అంటే శాంపిల్ తీసే క్షణం అటూ ఇటూ ఊగడానికి, ఒక్క గడి కూడా కనిపించలేదు, అందుకే ఇంత పొడుగు ఉత్తరం. 1.5 గిగాహెర్ట్జ్ సిగ్నల్‌ని 100 ఫెమ్టోసెకన్ల జిట్టర్ ఉన్న క్లాక్‌తో శాంపిల్ చేస్తే, మిగతా సర్క్యూట్ అంతా దేవుడే గీసినా ఎస్ఎన్ఆర్ 60 డీబీ దగ్గర ఆగిపోతుంది. అంటే 10 బిట్లు కూడా కాదు. 74 కావాలంటే 21 ఫెమ్టోసెకన్లకు దిగాలి. 100 ఫెమ్టోసెకన్లలో వెలుతురే 30 మైక్రాన్లు పోతుంది, వెంట్రుక మందం కూడా కాదు. కాబట్టి చిప్ ఫ్లోర్‌ప్లాన్‌లో మొదటి గీత క్లాక్‌దే గీయి. దానికి వేరే సప్లై ఇవ్వు, దారిలో బఫర్లు వీలైనంత తక్కువ పెట్టు, డిజిటల్ బ్లాకుని దాని దరిదాపులకు రానీయకు. మిగిలిన చోటులో మిగతావాళ్లు సర్దుకుంటారు.

ఇంటర్‌లీవింగ్‌కి వెళ్లక తప్పదనుకో. అప్పుడు ఒక తేడా మనసులో బాగా నాటుకోవాలి. జిట్టర్ ప్రతి శాంపిల్‌కీ కొత్తగా మారుతుంది, జరిగిపోయాక దిద్దడానికేమీ ఉండదు. నాలుగు ఏడీసీ ఛానళ్ల మధ్య టైమింగ్ స్క్యూ, అంటే ఒక ఛానల్ తన వంతు కంటే కాస్త ముందో వెనకో శాంపిల్ తీయడం, మాత్రం స్థిరంగా కూర్చునే తప్పు, కొలిచి దిద్దుకోవచ్చు. దిద్దకపోతే, నీ 4 గిగాశాంపిళ్ల మీద 1.3 గిగాహెర్ట్జ్ టోన్ ఇస్తే 0.3, 0.7, 1.7 దగ్గర దయ్యాల్లా స్పర్‌లు (ఇన్‌పుట్‌లో లేని టోన్‌లు) లేస్తాయి. గెయిన్ తేడాకీ అక్కడే వస్తాయి, కాకపోతే స్క్యూ స్పర్‌లు ఇన్‌పుట్ ఫ్రీక్వెన్సీతో పాటు పెరుగుతాయి. రెండింటినీ విడదీసి పట్టుకోవడానికి అదే గుర్తు. వైడ్‌బ్యాండ్ సిగ్నల్‌కి ఈ స్పర్‌లు సొంత బ్యాండ్‌లోనే పడతాయి, ఫిల్టర్ పెట్టి తీసేద్దామంటే కుదరదు.

చిప్ నడుస్తుండగానే తప్పులు దిద్దే బ్యాక్‌గ్రౌండ్ కాలిబ్రేషన్ ఉందిలే అని ధైర్యపడకు. ఒకసారి మా చిప్‌లో స్క్యూ దిద్దే లూప్ పగలంతా చక్కగా పనిచేసేది. ఒక రాత్రి ఇన్‌పుట్ తీసేసి బోర్డు ఆన్‌లోనే వదిలేశాం. లూప్‌కి కొలవడానికి సిగ్నల్ లేదు, నాయిస్‌నే నమ్ముకుని తెల్లారేసరికి ఎటో వెళ్లిపోయింది. పొద్దున్నే వచ్చిన మొదటి ప్యాకెట్లన్నీ పాడు. తప్పెవరిదని రెండు రోజులు వాదించుకున్నాం. ఆ లూప్ రాసింది నేనే. సిగ్నల్ ఒక మట్టం కంటే తగ్గితే లూప్ ఆగిపోవాలి, ఆ ఒక్క కంపారిజన్ రాయలేదు. ఆఫ్‌సెట్ (ఒక్కో ఛానల్ ఎప్పుడూ కలిపేసే స్థిరమైన వోల్టేజ్) దిద్దుబాటులోనూ ఇలాంటి ఉచ్చు ఉంది. సరిగ్గా 1 గిగాహెర్ట్జ్ దగ్గర నిజమైన టోన్ వస్తే, సెకనుకు 1 గిగాశాంపిలే తీసే ఒక్కో ఛానల్‌కి అది డీసీలాగే కనిపిస్తుంది, ఆఫ్‌సెట్ అనుకుని తుడిచేస్తుంది.

శాంపిల్‌ని పట్టి ఉంచే కెపాసిటర్ల గురించి నీకు తెలిసిందే. 1 పికోఫారాడ్ మీద గది ఉష్ణోగ్రతలో 64 మైక్రోవోల్ట్‌ల నాయిస్, దాన్ని సగం చేయాలంటే నాలుగింతల కెపాసిటర్. ఆ కెపాసిటర్‌ని తోసే బఫర్ పవర్ తింటుంది. రిఫరెన్స్ వోల్టేజ్‌ని మాత్రం చులకనగా చూడకు. ప్యాకేజీలో మిల్లీమీటర్ బాండ్‌వైర్ (చిప్‌ని ప్యాకేజీ కాళ్లకు కలిపే తీగ) అంటే సుమారు 1 నానోహెన్రీ, 1 గిగాహెర్ట్జ్ దగ్గర 6 ఓమ్‌లు. సిమ్యులేషన్‌లో ఆ తీగ లేకుండా వచ్చిన ఎస్ఎఫ్‌డీఆర్ (సిగ్నల్‌కీ అన్నిటికంటే పెద్ద స్పర్‌కీ మధ్య తేడా) నాకు చూపించకు.

టెస్ట్‌కి ఒక్క మాట. సైన్ వేవ్ టెస్ట్ చేయి, రికార్డులో సైకిళ్ల సంఖ్య ప్రధాన సంఖ్య అయ్యేలా చూసుకో. అక్కడితో ఆగకు. బ్యాండ్ అంతా నాయిస్‌తో నింపి, మధ్యలో సన్నటి గుంట తవ్వి, ఏడీసీలోంచి బయటికొచ్చాక ఆ గుంట ఎంత పూడిందో చూడు. నాయిస్ పవర్ రేషియో అంటారు. ఇంటర్‌మాడ్యులేషన్ (టోన్‌లు ఒకదానితో ఒకటి కలిసి పుట్టించే కొత్త టోన్‌లు), స్క్యూ, జిట్టర్, క్లిప్పింగ్ (శిఖరం తెగడం), ఏది దాక్కున్నా ఆ గుంటలో తేలుతుంది. ఇన్‌పుట్ లెవెల్ కొద్దికొద్దిగా పెంచుతూ గీస్తే ఒకచోట గ్రాఫ్ శిఖరం తాకి దబ్బున పడుతుంది. నీ ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్‌ని ఆ శిఖరానికి ఒకటి రెండు డీబీ ఇవతల నిలపాలి.

క్లాక్ బడ్జెట్ వేసి పంపు. క్రిస్టల్ నుంచి శాంపిలింగ్ స్విచ్ గేట్ దాకా ఒక్కో మెట్టుకీ ఎన్ని ఫెమ్టోసెకన్లో విడివిడిగా రాయి, మొత్తం ఒక్కటే రాస్తే తిప్పి పంపిస్తాను.

నీ మామయ్య