సూదికి ముందు పూసే మత్తు: జెల్ కొనాలా, స్ప్రే కొనాలా?

కొత్తగా దంత వైద్యశాల తెరిచిన మీరు రెండు సంగతులు అడిగారు. సూదికి ముందు చిగురు మీద పూయడానికి బెంజోకైన్ జెల్ మంచిదా, లిగ్నోకైన్ స్ప్రే మంచిదా అన్నది మొదటిది. జెల్ రాశాక కూడా రోగులు ఉలిక్కిపడుతున్నారు, కారణం ఏమిటన్నది రెండోది. నేను రెండోదానితో మొదలుపెడతాను. అది తేలితే మొదటిది సగం తేలిపోతుంది.

చాలాచోట్ల జెల్ రాసిన చేతితోనే సిరంజి అందుకుంటారు. బయట నలుగురు కూర్చుని ఉంటే ఆ తొందర మరీ ఎక్కువ. అక్కడ లోపం మందుది కాదు, దానికి పనిచేసే వ్యవధి ఇవ్వకపోవడం. 20 శాతం బెంజోకైన్ జెల్ అర నిమిషంలో తిమ్మిరి మొదలుపెడుతుంది కానీ పూర్తి బలం రావడానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది. 5 శాతం లిగ్నోకైన్ ఆయింట్‌మెంటుకు ఇంకొంచెం ఎక్కువే కావాలి. పైగా తడి చిగురు మీద రాస్తే మందు లాలాజలంలో కలిసి నాలుక మీదికి, గొంతులోకి జారిపోతుంది. నాలుక మొద్దుబారుతుంది, సూది దిగే చోటు మాత్రం మామూలుగానే ఉంటుంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. పెదవిని లాగి పట్టుకుని, సూది దిగే చోటును గాజ్‌తో ఒత్తి తుడుస్తాను. పొర మెరుపు పోయి మసకగా కనిపించాలి. పక్కన దూది చుట్ట పెట్టి, కాటన్ బడ్ కొసన పెసరగింజంత జెల్ తీసుకుని సరిగ్గా ఆ చోటే ఆనించి ఉంచుతాను. కంటికి గోడ గడియారం కనబడేలా కుర్చీ వేయించుకున్నాను. ఆ రెండు నిమిషాల్లో బీపీ మందులు వాడుతున్నారా, ఇదివరకు ఏ మందైనా పడలేదా అని మళ్లీ ఒకసారి అడుగుతాను. తరువాత మిగిలిన జెల్‌ను తుడిచేసి, పొరను బిగువుగా లాగి సూది దించుతాను. మందును మాత్రం నెమ్మదిగా ఎక్కించాలి. ఒక మిల్లీలీటరుకు నిమిషం పట్టినా నష్టం లేదు.

పూత మందు ఎంతవరకు పనిచేస్తుందో తెలుసుకోవడమూ అవసరమే. అది రెండు మూడు మిల్లీమీటర్ల లోతు దాటదు. అంటే సూది మొన గుచ్చుకునే బాధను తగ్గిస్తుంది, అంతే. అడ్రినలిన్ కలిపిన లిగ్నోకైన్‌కు ఆమ్లగుణం ఉంటుంది కనుక లోపలికి వెళ్లేటప్పుడు మంట పుడుతుంది. దాన్ని ఏ జెల్లూ ఆపలేదు, మీ చేతి నిదానమే ఆపాలి. కింది దవడ నరానికి ఇచ్చే మత్తులో సూది ఎంతో లోపలికి వెళుతుంది కాబట్టి అక్కడ జెల్ మేలు తక్కువ. అయినా నేను రాస్తాను. తన కోసం జాగ్రత్త పడుతున్నారని తెలిస్తే రోగి భుజాలు కాస్త సడలుతాయి.

అంగిలి సంగతి వేరు. అక్కడి పొర మందంగా, గట్టిగా ఉంటుంది, కింద ఎముకకు అతుక్కుని ఉంటుంది. జెల్ ఒక్కటే చాలదు. జెల్ రాశాక అదే కాటన్ బడ్‌తో ఆ చోటు తెల్లబడేదాకా గట్టిగా నొక్కి పట్టి, ఒత్తిడి వదలకుండా దాని పక్కనే సూది దించండి. నొక్కుడు తెలుస్తుంది కానీ గుచ్చుడు అంతగా తెలియదు. లిగ్నోకైన్, ప్రిలోకైన్ కలిసిన ఎమ్లా క్రీమ్ అంగిలి మీద మెరుగ్గా పనిచేసిందని కొన్ని పరిశోధనలు చూపాయి. కానీ అది చర్మం కోసం తయారైన మందు. నోట్లో పట్టి ఉండదు, చేదు కూడా. నేను వాడను.

ఇక ఏది కొనాలన్న ప్రశ్న. రోజువారీ పనికి 20 శాతం బెంజోకైన్ జెల్ ఉంచుకోండి. రక్తంలోకి తక్కువగా చేరుతుంది, త్వరగా పనిచేస్తుంది. బెంజోకైన్ పడనివారికోసం లిగ్నోకైన్ జెల్ ఒకటి ఉండాలి. రెండేళ్లలోపు పసివాళ్లకు మాత్రం బెంజోకైన్ వద్దు. అరుదుగానే అయినా అది మెథెమోగ్లోబినీమియా, అంటే రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేని స్థితి, తెచ్చిపెట్టవచ్చు: పెదవులు నీలం తిరుగుతాయి, ఆక్సిజన్ పెట్టినా ఆ రంగు పోదు, పల్స్ ఆక్సీమీటర్ 85 శాతం దగ్గర ఆగిపోతుంది. పళ్లు వచ్చే పిల్లలకు పూసే బెంజోకైన్ మందులను రెండేళ్లలోపు వాడవద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో హెచ్చరించింది కూడా. నోటిపూతకు మందుల దుకాణాల్లో అమ్మే కొలీన్ శాలిసిలేట్ జెల్‌ను మత్తు జెల్ అనుకుని తెచ్చేవారున్నారు. లేబుల్ మీద మందు పేరు చదివి తీసుకోండి.

స్ప్రే మీద నాకు అంత నమ్మకం లేదు. నోట్లోకి కొడితే ఎక్కడ పడుతుందో మన చేతుల్లో ఉండదు, గొంతు మొద్దుబారి పిల్లలు బెదిరిపోతారు. లెక్క చూస్తే భయం ఇంకా పెరుగుతుంది. 10 శాతం స్ప్రే ఒక్క పిచికారీలో 10 మిల్లీగ్రాముల లిగ్నోకైన్ ఉంటుంది. పిల్లలకు గరిష్ఠ మోతాదు కిలోకు 4.4 మిల్లీగ్రాములు. 15 కిలోల బిడ్డకు అది 66. మూడు పిచికారీలు కొట్టి, ఆపైన రెండు మిల్లీలీటర్ల 2 శాతం లిగ్నోకైన్ ఎక్కిస్తే 70 అయిపోయింది! పూసినదీ ఎక్కించినదీ కలిపి లెక్కపెట్టాలి. పెద్దవాళ్లలో పళ్ల అచ్చు తీసేటప్పుడు వాంతి వచ్చినట్టయ్యేవారికి స్ప్రే పనికొస్తుంది. అప్పుడైనా దూది మీద కొట్టి, ఆ దూదితో అద్దండి.

జెల్ ఒక్కదానితోనే సరిపోయే పని ఒకటుంది: వేరు కరిగిపోయి చిగురుకు వేలాడుతున్న పాలపన్ను. మొన్న ఒక పాప సూది మాట వింటేనే ఏడ్చింది. పన్ను చుట్టూ ఆరబెట్టి, లోపలా బయటా జెల్ రాసి, వాళ్లమ్మ ఫోనులో రెండు నిమిషాల టైమర్ పెట్టించాను. గంట మోగేదాకా పాప ఆ అంకెలనే చూస్తూ కూర్చుంది. తరువాత గాజ్‌తో పట్టుకుని మెలితిప్పితే పన్ను వచ్చేసింది. “నొప్పే ఉండదు” అని మాత్రం ఎప్పుడూ చెప్పను. “కాస్త నొక్కినట్టు ఉంటుంది, ఎక్కువగా ఉంటే చెయ్యెత్తు, ఆపేస్తాను” అంటాను, చెయ్యెత్తితే ఆపుతాను. ఒక్కసారి మాట తప్పితే ఆ బిడ్డ మళ్లీ నోరు తెరవదు.

ఇంటికి పంపేటప్పుడు తిమ్మిరి పోయేదాకా తినవద్దని, వేడి కాఫీ తాగవద్దని చెప్పండి. డబ్బాలో వచ్చే జెల్ కొంటే, ఒక రోగికి కావలసినంత ముందే చిన్న గిన్నెలోకి తీసి పెట్టుకోండి. నోట్లో పెట్టిన బడ్‌ను తిరిగి డబ్బాలో ముంచకుండా మీ సహాయకులకు మొదటిరోజే నేర్పండి.