పదిహేడేళ్ల అబ్బాయి తాగి బండి నడిపితే కేసు ఎవరి మీద?

ప్రశ్న: మా అబ్బాయికి పదిహేడేళ్లు, ఇంటర్ రెండో సంవత్సరం. ఏడాదిగా స్నేహితులతో కలిసి తాగుతున్నాడు. వాళ్లలో ఒకడికి ఇరవై రెండేళ్లు. సీసా కొనిచ్చేది ఎక్కువగా అతనే. అతను లేని రోజు మావాడే వైన్ షాపుకు వెళ్లి తెచ్చుకుంటాడు, వయసెంతని అడిగినవాళ్లు లేరు. మొట్టమొదట బీరు పోసి ఇచ్చింది మాత్రం మా తమ్ముడు. పోయిన వారం మావారి బండి మీద వస్తూ పోలీసు తనిఖీలో దొరికాడు. మావారి మీద కూడా కేసు అంటున్నారు. రేపు వాడి ఉద్యోగం, పాస్‌పోర్టు ఏమవుతాయోనని టెన్షన్‌గా ఉంది. రాత్రిపూట మనుషులొచ్చి పట్టుకెళ్లి తాగుడు మాన్పించే సెంటర్ ఒకటి ఉందట. అందులో చేర్పించవచ్చా? షాపు మీద కేసు పెట్టవచ్చా?
(పేరు రాయవద్దన్న ఒక తల్లి)

జవాబు: అమ్మా, మీరు అబ్బాయి గురించి ఎక్కువగా భయపడుతున్నారు కానీ చట్టం ముందు ఇబ్బందిలో పడింది మీవారు. మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణతో 199ఎ అనే సెక్షన్ వచ్చింది. మైనర్ బండి నడిపి ఆ చట్టం కింద నేరం చేస్తే సంరక్షకుడు లేదా బండి యజమాని కూడా దోషే. మీవారు ఆ రెండూ. శిక్ష మూడేళ్ల వరకు జైలు, 25 వేల రూపాయల జరిమానా. బండి రిజిస్ట్రేషన్ 12 నెలలు రద్దు. అబ్బాయికి 25 ఏళ్లు నిండేదాకా లైసెన్సు రాదు.

తనకు తెలియకుండా తీసుకెళ్లాడనో, తాను తగిన జాగ్రత్త అంతా తీసుకున్నాననో రుజువు చేస్తే మీవారు బయటపడతారు. కానీ ఆ రుజువు ఆయనే చూపాలి, ఎందుకంటే ఆయన సమ్మతితోనే బండి తీశాడని కోర్టు ముందుగా అనుకుంటుంది. అబ్బాయి రోజూ ఆ బండి మీదే కాలేజీకి వెళ్తున్నాడని వీధిలో అందరికీ తెలిసి ఉంటే 'నాకు తెలియదు' అన్న మాట నిలబడదు. బండి తాళం ఎక్కడ పెడతారు, ఇంతకుముందు ఎప్పుడైనా నడపనిచ్చారా, ఇవన్నీ మీ వకీలుకు ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఫైన్ కట్టేసి వచ్చేద్దామని మొదటి వాయిదాలోనే నేరం ఒప్పుకోవద్దు. ఒప్పుకుంటే అది కన్విక్షన్, అంటే దోషి అని తీర్పు పడినట్టే. మీవారు ప్రభుత్వ ఉద్యోగి అయితే దాని బరువు ఇంకా ఎక్కువ. బండి నడిపింది వేరొకరని ఇంకెవరినో నిలబెట్టే ఆలోచన అసలు చేయకండి. చాలా ఇళ్లలో ఈ సలహా ఇచ్చే బంధువు ఒకరుంటారు. అది ఇంకో నేరం.

ఎవరికీ దెబ్బ తగలలేదు కాబట్టి ఇంతటితో ఆగింది. తగిలి ఉంటే, లైసెన్సు లేని డ్రైవింగ్ కాబట్టి, బీమా కంపెనీ బాధితుడికి పరిహారం కట్టి ఆ మొత్తాన్ని మీవారి దగ్గర వసూలు చేసుకునే వీలుంది.

ఇక అబ్బాయి. వంద మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటితే సెక్షన్ 185 కింద నేరం. పెద్దవాళ్లకైతే మొదటిసారి ఆరు నెలల వరకు జైలు, లేదా పది వేలు జరిమానా, లేదా రెండూ. అబ్బాయి విషయం మామూలు కోర్టుకు పోదు, మైనర్ల కేసులు చూసే జువనైల్ జస్టిస్ బోర్డుకు పోతుంది. నేరం జరిగిన రోజున వయసెంత అన్నదే లెక్క. విచారణ మధ్యలో 18 నిండినా బోర్డు దగ్గరే నడుస్తుంది. అతన్ని లాకప్‌లో పెట్టకూడదు. పేరు, ఫొటో ఎక్కడా బయటికి రాకూడదు. బోర్డు మందలించి పంపవచ్చు, కౌన్సెలింగ్‌కో సమాజ సేవకో పంపవచ్చు, మద్యం మాన్పించే చికిత్స తీసుకోమని కూడా ఆదేశించవచ్చు. ఈ చివరిది మీరే అడగండి. ఇంట్లో చెబితే వినని పిల్లలు బోర్డు చెబితే ఆసుపత్రికి వెళ్లడం నేను చూశాను.

ఉద్యోగం గురించి భయం అక్కర్లేదు. జువనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 24 ప్రకారం ఇలాంటి కేసు వల్ల పిల్లలకు ఏ అనర్హతా రాదు. కేసు ముగిశాక ఆ రికార్డును క్యారెక్టర్ సర్టిఫికెట్ కోసమైనా సరే పోలీసులు బయటపెట్టకూడదని సెక్షన్ 74 చెబుతోంది. అయితే ఈ రక్షణంతా 18 నిండేలోపు చేసినవాటికే. ఆ మర్నాడు ఇదే పని చేస్తే మామూలు నిందితుడే. మత్తులో ఏం చేశానో తెలియలేదన్న మాట కూడా పనికిరాదు, తనంతట తాను తాగినవాడికి చట్టం ఆ సాకు ఇవ్వదు.

మీరు షాపు గురించి అడిగారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. అబ్బాయి 18 దాటినా ఆ షాపు అతనికి అమ్మడం తప్పే. మైనర్ల విషయంలో చట్టం ఇంకా కఠినం. జువనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 77 కింద, డాక్టరు చెబితే తప్ప, 18 నిండనివారికి మద్యం ఇచ్చినా ఇప్పించినా ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా. సెక్షన్‌లో ఉన్నది 'ఇచ్చినవారు' అనే. అమ్మినవారు మాత్రమే అని లేదు. అంటే సీసా కొనిచ్చిన ఆ ఇరవై రెండేళ్ల స్నేహితుడు దీని కిందికి వస్తాడు. మేనమామ కూడా వస్తాడు. బయట చెడిపోయేకంటే మన కళ్ల ముందు ఒక గ్లాసు తాగితే నయం అనుకునే పెద్దలు చాలామంది. బంధువన్న మినహాయింపు ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. మీ తమ్ముడి మీద కేసు పెట్టమని నేను చెప్పడం లేదు. ఈ సెక్షన్ ఒకసారి ఆయనకు చదివి వినిపించండి.

షాపు మీద ఫిర్యాదుకు స్టేషన్‌కు వెళ్తే వెంటనే ఎఫ్ఐఆర్ రాయకపోవచ్చు. 2021 సవరణ తర్వాత సెక్షన్ 77 నేరం నాన్ కాగ్నిజబుల్ అయింది, మేజిస్ట్రేటు అనుమతి లేనిదే పోలీసులు దర్యాప్తు చేయలేరు. శిక్ష ఏడేళ్లు పెట్టి తలుపు ఇలా బిగించడం నాకు మింగుడుపడదు, కానీ ప్రస్తుతం చట్టం అదే. అందుకని రెండు పనులు చేయండి. వయసు చూడకుండా అమ్ముతున్నారని తేదీ, సమయం, షాపు పేరుతో ప్రొహిబిషన్ అండ్ ఎక్సైజ్ శాఖకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. లైసెన్సు షరతుల ఉల్లంఘన మీద చర్య తీసుకోవాల్సింది ఆ శాఖే. సెక్షన్ 77 కోసం వకీలు ద్వారా మేజిస్ట్రేటును ఆశ్రయించండి. అబ్బాయి యూపీఐలో డబ్బు కట్టి ఉంటే ఆ వివరాలు ఫోన్‌లోంచి చెరిపేయనివ్వకండి, అంతకంటే మంచి సాక్ష్యం మీకు దొరకదు.

రాత్రిపూట ఎత్తుకెళ్లే సెంటర్ మాట మరిచిపోండి. మద్యం అలవాటు వల్ల వచ్చే మానసిక స్థితులు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కిందికి వస్తాయి. దాని ప్రకారం మైనర్‌ను చేర్చుకోవాలంటే తల్లో తండ్రో దరఖాస్తు ఇవ్వాలి, ఇద్దరు నిపుణులు విడివిడిగా పరీక్షించి చేర్చడం అవసరమని తేల్చాలి, అతన్ని పెద్దవాళ్లతో కలపకుండా వేరుగా ఉంచాలి, మీలో ఒకరో మీరు పెట్టిన మనిషో పక్కన ఉండాలి. 72 గంటల్లో మానసిక ఆరోగ్య సమీక్షా బోర్డుకు తెలియజేయాలి. గొలుసులతో కట్టడాన్ని చట్టం పూర్తిగా నిషేధించింది. ఇవేవీ పాటించకుండా గదిలో పెట్టి తాళం వేస్తే అది అక్రమ నిర్బంధం, డబ్బు కట్టి పంపింది మీరే కాబట్టి ఆ ప్రశ్న మీ దాకా వస్తుంది. ఏ సెంటర్‌కు వెళ్లినా దాని రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చూపించమని అడగండి, తడబడితే తిరిగి వచ్చేయండి.

అసలు చేర్పించాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాల్సిన మాట. చాలామంది పిల్లలకు ఇంటి దగ్గరుండి తీసుకునే కౌన్సెలింగే సరిపోతుంది. రోజూ ఎక్కువ మోతాదులో తాగుతుంటే మాత్రం ఒక్కసారిగా ఆపించకండి, ఫిట్స్ రావచ్చు, ముందు డాక్టరుకు చూపించండి. మాట్లాడటానికి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416, మద్యం, మత్తు మందుల అలవాటుకు 14446 ఉన్నాయి.

జువనైల్ బోర్డు వాయిదాకు వెళ్లేటప్పుడు పదో తరగతి సర్టిఫికెట్ ఒరిజినల్ పట్టుకెళ్లండి. వయసు నిరూపణకు బోర్డు ముందు చూసేవాటిలో అదొకటి. డాక్టరుకు అప్పటికే చూపించి ఉంటే ఆ చీటీ కూడా జత చేయండి. మీవారు తప్పకుండా వెంట ఉండాలి.